ఎడమ పక్క గుత్తులు

“నేను తినలేదని నీకెవరు చెప్పిన్రే?” భారతమ్మ అప్పటికి మూడోసారి అడిగింది.

“ఎవరో చెప్పాల్నా అత్తా? తలె నీ ముందటనే ఉన్నది గదా. కూర ఏసింది ఏసినట్టే ఉన్నది,” అంది కళ్యాణి.

“కూర ఏసినవా నువ్వు? ఉత్త బువ్వ పెట్టి, పైకెల్లి కూర తినలేదని పేరు వెడ్తున్నవా?”

కళ్యాణికి ఒళ్లు మండిపోయింది. కంచంలో కుడివైపు అన్నం మెతుకు మిగలకుండా ఊడ్చినట్టు పోయింది. ఎడమవైపు అన్నం, దాని పక్కనే వంకాయకూర, అంచున మామిడికాయ తొక్కు కదల్లేదు. మధ్యన గీత గీసి వాటాలు వేసుకున్నట్టుంది. వారం నుంచి రోజూ ఇదే. మొదటి రోజు ఆకలి లేదేమో అనుకుంది. రెండోరోజు ఉప్పెక్కువైందేమోనని తానే రుచి చూసుకుంది. నాలుగోరోజుకు అది తన చేతి వంటకు పెడుతున్న వంకని ఖాయం చేసుకుంది. ఇప్పుడేమో అసలు కూరే వేయలేదంటోంది.

“మామా, జర నువ్వన్నా చూసి చెప్పు. ఇది కూర గాదా?”

వాకిట్లో మంచం నులక బిగిస్తున్న శంకరయ్య తల ఎత్తలేదు. పెళ్లానికీ కోడలికీ మధ్య మాట పడేసి బాగుపడ్డ మగవాణ్ణి ఆయన ఎక్కడా చూడలేదు. “పోనియ్ బిడ్డా. ఆకలైతే ఆమెనే తింటది,” అన్నాడు.

“నాకు ఆకలైనా ఈ ఇంట్ల బువ్వ సగమే దొరుకుతది,” అని భారతమ్మ చెయ్యి కడుక్కుని లేచింది. బయటికి వస్తుంటే ఎడమ భుజం గుమ్మానికి ఠప్పున తగిలింది. ఆమె గుమ్మం వైపు కూడా చూడలేదు.

జగదీశ్ అప్పుడే వచ్చాడు. తల్లి కోతకు పోయే ద్రాక్షతోటలోనే ట్రాలీ ఆటో నడుపుతాడతను. పండ్లు కొత్తపేట మార్కెట్‌లో దించి, బండిని తోటలో పెట్టి, కొత్వాల్‌గూడ తొవ్వ వెంట నడిచి వస్తాడు. రోజూ వాకిట్లోకి రాగానే నీళ్లడిగేవాడు ఆ రోజు అడగలేదు. చెప్పులు కూడా విడవకుండా తల్లి ముందుకు పోయి నిలబడ్డాడు.

“అవ్వా, నీ సాలుల ద్రాక్ష గుత్తులు ఎందుకు ఇడుస్తున్నవే?”

“ఏం గుత్తులు?”

“మేస్త్రి మొగులయ్య పొద్దుగాల్ల నన్ను పిలిచిండు. కోత మొదలైన మూడు దినాల సంది నీ సాలుల ఒక దిక్కు గుత్తులన్నీ అట్లనే ఉంటున్నయట. తెల్లారి చూస్తే ఉంటలేవట. నువ్వు ఇడిసిపెడ్తున్నవ్, పొద్దు గూకినంక ఎవరో సంచి తెచ్చి కోసుకపోతున్నరు అంటుండు.”

భారతమ్మ ముఖం ఎర్రబడింది. “నేనా? ఆ మొగులిగానికి కత్తెర పట్టుడు నేర్పింది నేను. పద్దెనిమిదేండ్ల సంది ఆ పందిరి కింద వంగి నడుస్తున్న. నేను కోసిన సాలుల ఒక్క కాయ మిగుల్తదా?”

“నేను గూడ అదే అన్న. దానికి మొగులయ్య ఏమన్నడో ఎర్కేనా?” జగదీశ్ ఈసారి భార్య వైపు తిరిగాడు. “భారతమ్మ కావాలనే చేస్తదని ఆమె కోడలే చెప్పిందటగా అన్నడు. బోరింగు కాడ జంగమ్మక్కతోని ఏమన్నవ్ నువ్వు?”

కళ్యాణి చేతిలో తలె అలాగే ఉండిపోయింది. అన్నది. మొన్న పొద్దున నీళ్ల కోసం వరుసలో నిలబడి, పక్కింటి జంగమ్మ ఏందే మొకం మాడ్చినవ్ అంటే, కడుపులో ఉన్నదంతా కక్కింది. ‘సగం తిని సగం ఇడుస్తది. అడిగితే లేదంటది. కావాలనే చేస్తదక్కా, నన్ను ఏడిపియ్యాల్నని’ అంది. అన్నం గురించి అన్న మాట అది. జంగమ్మ కూడా తోటలోనే పని చేస్తుంది. మాట బోరింగు నుంచి పందిరి కిందికి పోయేసరికి అన్నం పోయి ద్రాక్ష మిగిలింది.

“నేను బువ్వ సంగతి అన్న,” అంది మెల్లగా.

భారతమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంది. కోడలి వంక ఒకసారి చూసి లోపలికి పోయింది. తిడితే బాగుండేదనిపించింది కళ్యాణికి.

“శనివారం తోట సారు పట్నంకెల్లి వస్తడట,” అన్నాడు జగదీశ్ గొంతు తగ్గించి. “ఆయన ముందట, ఆడోళ్లందరి ముందట, తప్పయింది అని ఒక్క మాట అంటే చాలట. ఠాణా దాకా పోదు. లేకుంటే కేసు పెడ్తరట. అవ్వ ఇంటికాడ ఉంటది, ఆమె జాగల నిన్ను తీసుకుంట అన్నడు.”

శంకరయ్య చేతిలో నులక ఆగింది. మళ్లీ బిగించుకున్నాడు.

తోట పని కోసం కళ్యాణి రెండేళ్లుగా అడుగుతోంది. ఇద్దరం పోతే పొయ్యెవరు ముట్టిస్తరని అత్త పడనివ్వలేదు. ఇప్పుడు ఆ పని దానంతటదే వాకిట్లోకి వచ్చింది. సంతోషించాలో సిగ్గుపడాలో ఆమెకు తెలియలేదు.

మర్నాడు భారతమ్మ ఎవరు చెప్పినా వినకుండా పనికి పోయింది. మొగులయ్య రావద్దనలేదు. అందరి కళ్లముందు పట్టుకోవాలని అతని ఆలోచన. మధ్యాహ్నం సద్ది పట్టుకుని కళ్యాణి తోటకు పోయింది.

తొంభై ఆరు ఫిబ్రవరి ఆఖరు అది. బయట ఎండ చురచురమంటున్నా పందిరి కింద చల్లగా, పచ్చటి నీడగా ఉంది. నిలువుగా పాతిన రాతి కడీల మీద తీగలు అల్లుకుని, నెత్తికి తగిలేటంత కిందికి గుత్తులు వేలాడుతున్నాయి. ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క సాలు. ఇటుపక్కా అటుపక్కా గుత్తులు కోసుకుంటూ చివరిదాకా పోయి, అక్కడ పక్క సాలులోకి మళ్లాలి. వెనక్కి వచ్చే పని ఉండదు.

భారతమ్మ సాలు మధ్యలో ఉంది. కళ్యాణి కడీ పక్కన నిలబడి చూసింది. అత్త పని చేస్తుండగా చూడటం ఆమెకు అదే మొదలు. ఎడమ అరచేతిని గుత్తి కింద పట్టి, కాయల మీది తెల్లటి పూత చెదరకుండా, కత్తెరతో కాడను ఒక్కసారే కత్తిరిస్తోంది. కుళ్లిన కాయ ఉంటే మొనతో తీసి పడేస్తోంది. గుత్తిని బుట్టలో పసిపిల్లను పడుకోబెట్టినట్టు పెడుతోంది. అంత నేర్పు. కానీ అంతా కుడిపక్కనే. ఎడమపక్క గుత్తులు బారులు తీరి అలాగే వేలాడుతున్నాయి. ఒక గుత్తి ఆమె ఎడమ చెంపకు రాసుకుంది. చీమ పాకితే దులుపుకున్నట్టు భుజంతో తోసి ముందుకు కదిలింది. దానివైపు చూడలేదు.

పక్క సాలులోంచి జంగమ్మ కళ్యాణిని చూసి కన్ను గీటింది. “చూసినవా మీ అత్త ఇకమతు, ఎంత ఉపాయమో? అటు దిక్కు గుత్తులు చుట్టాలకట!”

ఇద్దరు ముగ్గురు నవ్వారు. కళ్యాణి నవ్వలేదు. ఇంట్లో బెల్లం ముక్క దొంగిలించే పిల్లకైనా చేతి కంటే ముందు కన్ను అటూ ఇటూ పోతుంది. ఎవరైనా చూస్తున్నారేమోనని భయం ఉంటుంది. అత్త ముఖంలో అలాంటిదేమీ లేదు. ఇన్ని కళ్లు తనమీదే ఉన్నాయని తెలిసి కూడా ఆమె ఎవరైనా చూసుకోండన్నట్టు ధీమాగా కోస్తోంది. దొంగతనం ఇంత ధీమాగా ఎవరు చేస్తారు?

“అత్తా, సద్ది తెచ్చిన. రా,” అని పిలిచింది.

భారతమ్మ వెనక్కి తిరిగింది. తాను వచ్చిన దారినే నాలుగడుగులు వేసి టక్కున ఆగిపోయింది. ఇటు తిరిగేసరికి, విడిచిపెట్టిన గుత్తులన్నీ ఇప్పుడు ఆమెకు కుడిపక్కకు వచ్చాయి.

“ఎవతివే ఇది కోసింది?” గట్టిగా అరిచింది. “ఎవరి సాలే ఇది? గిన్ని గుత్తులు ఇడిసిపెట్టి పోతరా? కండ్లు నెత్తికెక్కినయా? జంగీ, నువ్వేనా?”

పక్క సాలుల్లో కత్తెరలు ఆగాయి. తర్వాత ఆడవాళ్లందరూ ఒక్కసారే ఘొల్లుమన్నారు. జంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “అగో, దొంగనే దొంగ దొంగ అంటున్నది! యాక్టింగు జూడున్రి!”

మొగులయ్య అటునుంచి వచ్చాడు. “చూసిన్రుగా అందరు? శనివారం సారుకు గిదే చెప్పున్రి,” అన్నాడు. కళ్యాణి వైపు తిరిగి, “నీ మీద నాకు ఏమీ లేదమ్మా. నిజం చెప్పినవ్. సోమవారం సంది వచ్చి కత్తెర పట్టుకో,” అన్నాడు.

భారతమ్మ ఎవరి నవ్వూ పట్టించుకోలేదు. ఆ గుత్తులన్నిటినీ ఒక్కొక్కటే కోస్తూ, ఎవరో చేసిన పాడుపనికి గొణుక్కుంటూ, కోడలి వైపు నడిచి వస్తోంది. కళ్యాణి సద్దిని కడీ పక్కన దించి అత్తనే చూసింది. ఆమె చేస్తున్నది నటన కాదు. అయితే మరేమిటి?

ఆ సాయంత్రం కళ్యాణి అత్తకు అన్నం పెట్టి, పోకుండా ఎదురుగా కూర్చుంది. భారతమ్మ నిన్నటి కోపంతో తల వంచుకుని తిన్నది. కుడి సగం అయిపోయింది. చెయ్యి తలెలోనే ఆగింది.

“అయిందా అత్తా?”

“కనవడ్తలేదా? అయింది.”

కళ్యాణి చెయ్యి చాచి, తలెను మెల్లగా సగం చుట్టు తిప్పింది. ఎడమపక్క ఉన్న అన్నం, బెండకాయకూర కుడిపక్కకు వచ్చాయి.

భారతమ్మ కళ్లు పెద్దవయ్యాయి. “మల్ల ఎందుకేసినవే? జర ముందే ఏస్తే కూరతోని తింటుంటిగదా!” అని ఆబగా కలుపుకుంది. ఆ తినే తీరు చూస్తుంటే కళ్యాణికి అర్థమైంది. వారం రోజులుగా ఈ మనిషి నిజంగానే సగం ఆకలితో లేస్తోంది. తాను వడ్డించిన కూర నిజంగానే ఆమెకు అందలేదు. అప్పుడే మరొకటి కూడా చూసింది. అత్త తల దువ్వుకున్నది కుడిపక్కనే. ఎడమపక్క జుట్టు పొద్దున లేచినప్పటిలాగే చెదిరి ఉంది.

ప్రతి శుక్రవారం శంషాబాద్ దవాఖానకు పట్నం నుంచి డాక్టరమ్మ వస్తుంది. మర్నాడు జగదీశ్ పనికి పోయాక, శంకరయ్యకు మాత్రం చెప్పి, కళ్యాణి అత్తను బస్సెక్కించింది. నడుం నొప్పికి సూది వేయిస్తానని చెప్పింది. లేకపోతే ఆమె వచ్చేది కాదు.

డాక్టర్ రెబెక్కా నలభై ఏళ్ల మనిషి. కోస్తా జిల్లాల మాట. కళ్యాణి చెప్పిందంతా అడ్డు రాకుండా విన్నది. “ఈ మధ్య ఎప్పుడైనా పడిపోయారా?” అని అడిగింది.

“శివరాత్రికి ముందు తోటల కండ్లు తిరిగి పడ్డది. చక్కెర నీళ్లు తాపిచ్చిన్రు. రెండు దినాలు పండుకొని లేచింది.”

“ఎండ దెబ్బ,” అంది భారతమ్మ. “ఇప్పుడు నాకేం లేదు.”

డాక్టరమ్మ ఆమె రక్తపోటు చూసి పెదవి విరిచింది. తర్వాత ఆమె ముందు రెండు చేతులూ చాచి, కుడి వేలు కదిపింది. “ఏ వేలు కదిలిందమ్మా?” భారతమ్మ చూపించింది. ఎడమ వేలు కదిపింది. అదీ చూపించింది. ఈసారి రెండు వేళ్లూ కలిపి ఒకేసారి కదిపింది.

“గదొక్కటే,” అని భారతమ్మ తన కుడివైపు ఉన్నదే చూపించింది.

తర్వాత డాక్టరమ్మ ఒక పెద్ద ట్రేలో మందు గోలీలు పరిచింది. “ఇవన్నీ ఏరి ఈ డబ్బాలో వేయండి.” భారతమ్మ వేళ్లు చకచకా కదిలాయి. కుడి సగం ఖాళీ అయింది. చేతులు ఒళ్లో పెట్టుకుంది.

“అయిపోయాయా?”

“అయినయ్.”

ట్రే ఎడమ సగంలో గోలీలు తెల్లగా మిగిలి ఉన్నాయి.

సూది వేయించడానికి భారతమ్మను నర్సు పక్కగదిలోకి తీసుకుపోయింది. డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. “మీ అత్తగారి కన్ను బాగానే ఉందమ్మా. మెదడులో ఒక్కొక్క చోటు ఒక్కొక్క పని చూస్తుంది. మాట్లాడటం ఒకచోట, చూడటం ఒకచోట, కాళ్లూ చేతులూ కదపడం ఇంకోచోట. మన చుట్టూ ఏ పక్క ఏముందో గమనించుకోవడానికి కూడా ఒక చోటుంది. తలలో కుడిపక్క, ఇదిగో, ఇక్కడ.” తన చెవి పైన, కాస్త వెనగ్గా వేలు పెట్టి చూపించింది. “ఆ రోజు ఆమె పడిపోయినప్పుడు అక్కడికి రక్తం అందక దెబ్బ తిన్నట్టుంది. ఆ చోటు ఎడమపక్కను కనిపెట్టుకుని ఉంటుంది. అది పని మానేస్తే ఎడమపక్క ఉన్నది ఉన్నట్టే తెలియదు.”

కళ్యాణి డాక్టరమ్మ చూపించిన చోటే తన తలమీద వేలు పెట్టుకుంది. “మా తోటల ఒక్కొక్కలకు ఒక్కొక్క సాలు ఇచ్చినట్టు. ఒక్కలు పనికి రాకపోతే ఆ సాలు అట్లనే మిగులుతది. గంతేనామ్మా?”

“అంతే. మిగతా వాళ్లంతా బాగా పని చేస్తున్నారు కాబట్టి, ఎవరో రాలేదని పైవాళ్లకు తెలియలేదు.”

“మరి ఆమెకు చెప్తే నమ్ముతదా?”

“నమ్మడం కష్టం. లేదని తెలిస్తే కదా వెతుక్కునేది? ఆమెకు లోటే కనబడదు. కొట్లాడి లాభం లేదు. ఎడమపక్క నుంచి పలకరించండి, అటు తల తిప్పమని గుర్తు చేస్తూ ఉండండి. కొందరికి నెలల్లో చాలావరకు సర్దుకుంటుంది. ఈ బీపీ గోలీలు మానొద్దు. సోమవారం పట్నం పెద్ద దవాఖానకు తీసుకెళ్లండి, చీటీ రాస్తాను. తలకు స్కానింగ్ తీయాలి.”

“అమ్మా, ఒక్క మాట. ఇది కావాలని చేసేది కాదని గీ చీటీల రాస్తరా?”

డాక్టరమ్మ ఆమె ముఖంలోకి చూసింది. ఎందుకని అడగలేదు. కింద ఇంకో రెండు వరుసలు రాసి, ముద్ర వేసి ఇచ్చింది.

బస్సులో భారతమ్మ కిటికీ పక్కన కూర్చుంది. కళ్యాణి ఆమెకు ఎడమపక్కన కూర్చుంది. రెండు మలుపులు దాటాక అత్త చుట్టూ తడుముకుని, “కళ్యాణీ, యాడున్నవే?” అంది గాబరాగా. కళ్యాణి ఆమె చేతిని గట్టిగా పట్టుకుని, “ఈడనే ఉన్న. జర తల ఇటు తిప్పు,” అంది. భారతమ్మ తిప్పింది, ఇంకా తిప్పింది. అప్పటికి కోడలు కనబడింది. “పక్కన కూసొని పలుకవేందే,” అని విసుక్కుంది.

సాయంత్రం అందరూ వాకిట్లో ఉన్నారు. శంకరయ్య నులక బిగించడం పూర్తయిన మంచం మీద కూర్చున్నాడు. జగదీశ్ పొద్దున్నుంచి కడుపులో దాచుకున్న మాట బయటపెట్టాడు.

“మొగులయ్యకు చెప్పిన. రేపు అవ్వ వచ్చి తప్పయిందని అంటది అన్న.”

“నేను అనను,” అంది భారతమ్మ.

“అవ్వా, ఒక్క మాటనే! ఒక్క మాటతోని పోయేదానికి నా నౌకరి పోగొడ్తవా? రేపు కేసైతే నా బండి తాళం గుంజుకుంటరు. నీకేంది, నీ పంతం నీకు కావాలె.”

“కొడుకా, పద్దెనిమిదేండ్లు కోసిన చెయ్యి ఇది. దొంగనని నా నోటితోని నేనే అంటే, ఇగ ఆ తోట ముందటికెల్లి ఏ మొకం పెట్టుకొని నడువాలె?” గొంతు పైకి లేవబోయి మధ్యలో విరిగింది. ఆ ఇంట్లో ఆమె గొంతు అలా విరగడం అంతకుముందు ఎవరూ వినలేదు. జగదీశ్ తల దించుకున్నాడు, కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

కళ్యాణి వంటింట్లోంచి వచ్చి అత్తకు ఎడమపక్కన నిలబడింది. కొంగుముడి విప్పి చీటీ తీసింది. “రేపు అత్త ఏమీ ఒప్పుకోదు,” అంది. “ఒప్పుకునేది నేను.”

జగదీశ్ తలెత్తాడు. “నువ్వేం ఒప్పుకుంటవ్?”

“కావాలనే చేస్తదని అన్నది నేను. ఆ మాట తప్పని సారు ముందట, మొగులయ్య ముందట, జంగమ్మక్క ముందట చెప్త. డాక్టరమ్మ రాసిన చీటీ గూడ సదివిపిస్త. శివరాత్రికి ముందు పడ్డప్పుడే తలల దెబ్బ తగిలిందట. ఎడమ దిక్కు ఉన్నది అత్తకు తెలుస్తలేదు. గుత్తులు రాత్రి కోసుకపోయేదెవరో కావలి ఉండి పట్టుకోమంట.”

“నేను ఇడవలే అని చెప్పు,” అంది భారతమ్మ.

కళ్యాణి ఆమె ముందు కూర్చుంది. ఇది రేపటి మాట కంటే కష్టంగా ఉంది. “ఇడిసినవ్ అత్తా. నేను చూసిన. నిన్న నువ్వు జంగమ్మక్కను తిట్టినవు గదా, ఆ గుత్తులు నీయే. నీకు తెల్వకుండనే ఇడిసినవ్.”

భారతమ్మ ముందుకు వంగింది. కోడలి ముఖంలో వెక్కిరింత కోసం వెతికింది. చాలాసేపు వెతికింది.

“మొగులయ్య నీకిస్తనన్న పని?” అన్నాడు జగదీశ్.

“ఆ మాట మీద వచ్చే పని నాకొద్దు. సారు నమ్మితే, అత్త బాగైనంక ఆమె సాలుల ఎడమ దిక్కు నేను కోస్త, కుడి దిక్కు ఆమె కోస్తది. నమ్మకపోతే ఇద్దరం ఇంటికొస్తం. నీ నౌకరి సంగతి నాకు గూడ భయమే. కానీ ఆ భయంతోని ఆమెతోని దొంగనని అనిపియ్యను. సోమవారం పట్నం దవాఖానకు తోలుకపోవాలె, నువ్వు గూడ రావాలె.”

జగదీశ్ చీటీ తీసుకుని, మసక వెలుతురులో కళ్లకు దగ్గరగా పట్టుకుని, చదవడానికి ప్రయత్నించాడు. సగం ఇంగ్లీషు. అయినా మడవకుండా పట్టుకునే కూర్చున్నాడు.

శంకరయ్య మంచం మీదినుంచి లేచాడు. మూడు రోజులుగా ఎవరి పక్కనా మాట్లాడని మనిషి గొంతు సవరించుకున్నాడు.

“సారు ఎన్ని గొట్టంగ వస్తడు బిడ్డా?”

“ఎనిమిది గొట్టంగ మామా.”

“ఏడింటికే బయలెల్లుదాం,” అన్నాడు శంకరయ్య. “నలుగురం.”